ఏడో సంతకం

ట్రుగనీనాలో జూన్ నెల, అంటే అక్కడ నడి చలికాలం, శనివారం సాయంత్రం. తెలుగు సంఘం కార్యదర్శి లీల, తనదాంతో కలిపి ఆరు సంతకాలున్న కాగితం ఒకటి పట్టుకుని, ఏడోదాని కోసం నఫ్తాలి గారి వంటింట్లో కూర్చుంది. మిగతా ఆరూ అరగంటలో అయిపోయాయి. ఏడోది అడక్కుండానే పడుతుందని ప్రెసిడెంటు భానుప్రసాద్ గారు చెప్పి పంపారు. పాపం, ఆయనకేం తెలుసు.

"పెన్ను లేదా అంకుల్? నా దగ్గరుంది, ఇదిగో."

"పెన్నుకేం, డ్రాయరు నిండా ఉన్నాయి. ఇవాళ శనివారమమ్మా. రాయకూడదు."

"రాయకూడదా?"

"శుక్రవారం పొద్దు గూకిన దగ్గర్నుంచి ఇవాళ ఆకాశంలో మూడు చుక్కలు కనపడేదాకా యూదుడన్నవాడు కలం పట్టకూడదు, దీపం వెలిగించకూడదు, ఫోను ముట్టకూడదు. గుంటూరు పక్క పల్లెలో మా తాత పాటించాడు. ట్రుగనీనాలో నేను పాటిస్తున్నా."

"మీకు దేవుడంటే నమ్మకం లేదుగా. మొన్న ఉగాదికి మైకు పట్టుకుని మరీ చెప్పారు."

"దేవుడు ఉన్నాడో లేడో ఇంకా తేలలేదు. శనివారం మాత్రం వారం వారం వస్తూనే ఉంది."

"ఒక్క సంతకం అంకుల్. మూడక్షరాలు. ఏడింటికి మీటింగు."

"గంటలో చుక్కలొస్తాయి. అందాకా కూర్చో. ఊరికే కూర్చోవడం దేనికి, ఆ కాగితంలో ఏముందో చదువు, వింటా."

"మీకు తెలీదా? గ్రూపులో ఉందిగా."

"ఎప్పుడు పెట్టారు?"

"నిన్న రాత్రి."

"మరి? ఫోను ముట్టననే కదా చెబుతున్నా. చదువు."

"'శనివారం తెలుగు బడి మాస్టారు ముఖ్తార్ గారిని ఆ బాధ్యత నుంచి తప్పించాలని కమిటీ సభ్యులం తీర్మానిస్తున్నాము.' అంతే."

"ఎందుకు తప్పించడం?"

"ఫొటో ఒకటుందండీ. మన కమిటీ చలపతి గారు పెట్టారు. ఆ మధ్య సిటీలో ఊరేగింపు జరిగింది చూడండి, ఆ యుద్ధం గురించి. అందులో ముఖ్తార్ గారున్నారు. చేతిలో అట్ట పట్టుకుని."

"అట్ట మీద ఏముంది?"

"కనపట్టం లేదు. పక్కావిడ గొడుగు అడ్డమొచ్చింది."

"గొడుగు మీద ఏమన్నా రాసుందా?"

"అంకుల్."

"సరే సరే. ఫొటో కింద చలపతి ఏం రాశాడు?"

"అది చదవక్కర్లేదులెండి. అదే, ఇలాంటివాళ్ళ దగ్గర పిల్లలు..."

"పైకి చదువమ్మా. నేను ఫోను చూడకూడదు గానీ వినొచ్చు. చెవులకి శనివారం సెలవు లేదు."

"'ఇలాంటివాడి చేతుల్లోనా మన పసిపిల్లల్ని పెట్టేది? ఇవాళ అచ్చులు, హల్లులు. రేపు ఏం నేర్పుతాడో. మేలుకోండి. పదిమందికీ పంపండి.'"

"ఇంకోసారి చదువు."

"ఎందుకండీ?"

"బాగుంది. గుణింతాల దగ్గర్నుంచి కుట్ర దాకా ఒక్క అంగలో వెళ్ళాడు. ఇంకోసారి."

"నేను చదవను. పైకి చదువుతుంటే అదోలా ఉంది."

"లోపల చదువుకున్నప్పుడు లేదూ?"

"లోపల చదువుకున్నప్పుడు నేను పప్పు తాలింపు పెడుతున్నా. కింద అయిదు దణ్ణం బొమ్మలున్నాయి, నేనూ ఓ దణ్ణం పెట్టా."

"గుళ్ళో క్యూ అలవాటు. దేవుడు కనపడకపోయినా ముందువాడి వీపు చూసి దణ్ణం పెట్టేస్తాం. ఆ దణ్ణాలు ముఖ్తార్ చూశాడా? గ్రూపులో వాడు లేడా?"

"ఉన్నారు. నూట ముప్పై మందిమి ఉన్నాం. నిన్నట్నుంచీ ఆయనేం మాట్లాడలేదు."

"ఊఁ."

"అలా ఊఁ అనకండి. భానుప్రసాద్ గారైతే, నఫ్తాలి గారి సంతకానికి బెంగ లేదమ్మా, ఆయన పరిగెత్తుకొచ్చి పెడతారు అన్నారు."

"ఎందుకనో?"

"అంటే, మీరు... ఆ విషయంలో..."

"ఏ విషయంలో?"

"మీ వాళ్ళకి సంబంధించి..."

"మావాళ్ళంటే? మా ఊళ్ళో మేం నలభై గడపలం. వాళ్ళనేమన్నా అన్నాడా చలపతి?"

"మీరు తెలిసే అడుగుతున్నారు."

"తెలిసే. మీరంతా కలిసి నన్నో దేశానికి రాయబారిని చేశారు, వాణ్ణి ఇంకో దేశానికి చేశారు. ఆ దేశం నేను విమానంలోంచి కూడా చూళ్ళేదు. వాడిది నంద్యాల. అక్కడెక్కడో బాంబు పడిందంటే తెల్లారి నన్ను నా మందుల షాపులోనూ, వాణ్ణి వాడు పనిచేసే గోడౌన్లోనూ నిలబెట్టి 'దీనికి మీరేమంటారు' అని అడుగుతారు. నిన్నెవరన్నా అలా అడిగారా ఎప్పుడన్నా?"

"ఇండియా మ్యాచ్ ఓడినప్పుడు ఆఫీసులో అడుగుతారు."

"అదీ కష్టమేలే."

"నవ్వకండి. అయితే ఆయన మీద మీకు కోపం లేదంటారు."

"ఎవరన్నారు? కోపం కాదు, ఒళ్ళుమంట. వాడూ నేనూ మాట్లాడుకుని ఆరు వారాలైంది."

"అదేంటి, గురువారం గురువారం టీ..."

"మానేశాం. ఆ ఊరేగింపుకి పోతున్నా అన్నాడు. ఆ అట్టల మీద రాతల్లో సగానికి నాకు ఒళ్ళు మండుతుందిరా అన్నా. మిగతా సగానికో, అన్నాడు. మిగతా సగానికి నిద్ర పట్టదు అన్నా. అయితే సగం దారి నాతో రా, అన్నాడు. పోరా గాడిదా అన్నా. పోయాడు."

"మరింక సంతకానికి మీకేం అడ్డం?"

"చుక్కలు. ఈ వంటిల్లు ఎంత చీకటైపోయిందో. నీకు కనపడుతోందా?"

"కనపడుతోంది."

"నాకు కనపట్టం లేదు. అడగడం లేదు సుమా, మాటవరసకి చెబుతున్నా."

"లైటు వెయ్యమంటారా?"

"వెయ్యమని నేననకూడదు. నీకు చీకటంటే భయమా?"

"భయమే. వేశాను."

"మంచిపిల్లవి. ధైర్యం కాస్త తక్కువ. ఒక పని చెయ్యి, చుక్కలొచ్చేదాకా ముఖ్తార్ తరఫున మాట్లాడు."

"నేనా? నేను సంతకం పెట్టినదాన్ని."

"అందుకే. పెట్టనివాళ్ళు ఎటూ మాట్లాడతారు. చిన్నప్పుడు మా నాన్న మాచేత ఇదే ఆడించేవాడు. అన్నం పెట్టేముందు, మనకి నచ్చనివాడి వైపు వాదించాలి. ఓడితే పెరుగు లేదు. కానీ. నేను చలపతిని."

"ఏం చెప్పను? ఆరేళ్ళ నుంచి బడి నడుపుతున్నారు. రూపాయి తీసుకోకుండా."

"ఊరికే ఎందుకు నడుపుతాడు? ఏదో ఉద్దేశం ఉంది."

"ఉద్దేశమా? శనివారం ఓవర్‌టైం వదులుకుని వస్తారాయన."

"చూశావా, ఓవర్‌టైం కూడా వదులుకున్నాడంటే ఎంత పెద్ద ఉద్దేశమో."

"అలాగైతే ఏం చెప్పినా తప్పే."

"నేను చలపతిని, నాకు అన్నీ తప్పే. కానీ."

"మా గీతిక..."

"ఆఁ, గీతిక?"

"దానికి పదకొండేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి రాదు. ఏమడిగినా 'వాటెవర్ మమ్' అంటుంది. రెండేళ్ళ నుంచి ముఖ్తార్ గారి బడికి పంపుతున్నా. మొన్న మంగళవారం తలుపు కొట్టకుండా దాని గదిలోకి వెళ్ళా. 'అమ్మా, నీకు బుద్ధుందా?' అంది."

"తిట్టిందా?"

"ద కింద ధ వత్తు పలికిందంకుల్. మా ఆయనకే పలకదు. నేను బట్టలుతికే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చా. సంతోషంతో."

"ఇదే మహా నేరం. తల్లిని తిట్టడం నేర్పాడు."

"ఆపండి."

"నేను చలపతిని."

"ఎవరైనా సరే ఆపండి. ఊరేగింపుకి వెళ్తే వెళ్ళారు. ఆదివారం ఆయన సొంతం. బళ్ళో ఆ మాట ఎప్పుడన్నా ఎత్తారా? పిల్లల్ని ఎవరన్నా అడిగారా? నేనడిగానా? ఫొటో చూశా, దణ్ణం పెట్టా, కాగితం టైపు చేశా, ఇంటింటికీ తిరుగుతున్నా. పొయ్యి మీద పప్పు మాడకుండా చూసుకున్నంత కూడా చూసుకోలేదు. సిగ్గుగా ఉంది నాకు."

"పెరుగు గెలిచావు."

"అంకుల్, మీరు సంతకం పెట్టకండి."

"పెడతా."

"వద్దండీ. మీరైనా వద్దంటే మీటింగులో ఒక్క గొంతన్నా ఉంటుంది."

"ఒళ్ళుమంటని చెప్పానా లేదా? ఉండు, పెరట్లోకెళ్ళి చూసొస్తా. కిటికీ తీసి ఉంచు, అక్కణ్ణుంచి చెబుతా."

నఫ్తాలి గారు కోటు వేసుకుని పెరట్లోకి వెళ్ళారు. లీల వంటింట్లోనే ఉండిపోయింది.

"ఒకటీ."

"మబ్బుగా ఉంది, వచ్చెయ్యండి. చలి."

"రెండు. కాదు, కదులుతోంది. విమానం. లీలా, ఆ ఫోన్లో ఏంటి టకటకా కొడుతున్నావు?"

"ఏం లేదు."

"రెండు. ఇది నిజంది. అదిగో, అంగడి వైపు మూడోది. అయిపోయింది శనివారం. ఏదీ నీ పెన్ను?"

"వద్దంకుల్. నా మాట వినండి."

"ఎక్కడ, ఈ గీత మీదేనా? న, ఫ్తా, లి. తేదీ కూడా వేశా."

"పెట్టేశారు."

"పెట్టేశా."

"మిమ్మల్ని చాలా గొప్పగా అనుకున్నా నేను."

"కళ్ళు తుడుచుకో పిచ్చిపిల్లా. ముఖ్తార్ బడి ఇప్పుడే నిలబెట్టా."

"ఏంటి?"

"నాలుగేళ్ళ క్రితం సంఘం నిబంధనలు టైపు చేసింది నువ్వే కదా. పద్నాలుగోది ఏంటి?"

"టైపు చేశాను. చదవలేదు."

"ఎవరూ చదవలేదు. రాసింది నేను. 'ఎవరినైనా తొలగించాలని కమిటీలోని ఏడుగురూ ఒక్కమాట మీద ఉంటే ఆ తీర్మానం చెల్లదు.'"

"తిరగేసి రాశారా?"

"తిన్నగానే రాశా. మా పూర్వీకుల న్యాయసభలో ఇదే పద్ధతి. ప్రాణం మీదికొచ్చే కేసులో న్యాయమూర్తులందరూ మొదట్లోనే నేరస్థుడు అనేశారంటే ముద్దాయిని వదిలేసేవాళ్ళు. అంతమందిలో ఒక్కడికి కూడా వాడి తరఫున ముక్క తోచలేదంటే అది తీర్పు కాదు, తిరనాళ్ళ. నేను మానేస్తే ఆరూ ఒకటీ, వాడు పోయినట్టే. నేనూ పెడితే ఏడుకి ఏడు, ఉన్నట్టే. మీ ఆరుగురిలో ఒక్కరూ కదలరని నాకు తెలుసు. అందుకే నిశ్చింతగా..."

"అంకుల్."

"మెచ్చుకోవేం?"

"మీరు చుక్కలు లెక్కపెడుతున్నప్పుడు నేను గ్రూపులో ఒకటి పెట్టా."

"ఏం పెట్టావు?"

"'నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. నేను ముఖ్తార్ గారి వైపు. లీల.'"

"చెల్లదు. గ్రూపులో పెడితే చెల్లదు. కాగితం మీద రాసివ్వాలి."

"చెల్లుతుందట. పన్నెండో నిబంధన. ఇప్పుడే తీసి చూస్తున్నా."

"ఎవడు రాశాడా ముక్క?"

"మీరే."

"ఓరి దేవుడా."

"లేడన్నారుగా."

"ఇలాంటప్పుడు ఉంటాడు. అయిపోయింది. ఆరూ ఒకటీ. అరవై ఎనిమిదేళ్ళుగా మనుషుల్ని నమ్మకుండా బతికా, ఒక్కసారి తప్పలేదు నా లెక్క. ఇవాళ నువ్వు ముంచావు. తీసెయ్ అది. ఎవరూ చూడకముందే తీసెయ్."

"ఒకరు చూశారు."

"ఎవరు, భానుప్రసాదా?"

"ముఖ్తార్ గారు. ఏదో టైపు చేస్తున్నారు. ఆగారు. మళ్ళీ చేస్తున్నారు."

"వాడు వత్తులన్నీ సరిచూసుకుని గానీ పంపడు. తీసెయ్ ఈలోగా."

"వచ్చింది. నా ఒక్కదానికే పంపారు. 'లీల గారూ, ఈ ఊళ్ళో పద్నాలుగో నిబంధన చదివింది నేనూ, ఆ ముసలాయనా ఇద్దరమే. ఎంత అలిగినా చుక్కలు రాగానే సంతకం పెట్టి నన్ను కాపాడతాడని నిశ్చింతగా కూర్చున్నా. ఇప్పుడు మీరు నా వైపు నిలబడి నా కొంప ముంచారు.'"

"చెప్పానా? తీసెయ్."

"ఇంకా ఉంది. 'అయినా సరే, ఆ మెసేజ్ తియ్యకండి. బడి పోతే పోనివ్వండి. నఫ్తాలికి శనివారం ఫోను లేదు, సరే. మిగతా వాళ్ళలో ఒక్కరన్నా ఒక్క మాట అంటారేమోనని నిన్నట్నుంచీ చూస్తున్నా.' అంకుల్, ఏం చెయ్యను?"

"ఏం చెయ్యకు. ఆ పెన్ను ఇటివ్వు."

"ఎందుకు?"

"నా పేరు కూడా కొట్టెయ్యాలి. వాడి కొంప ముంచే పుణ్యం నీ ఒక్కదానికే వదులుతానా?"