పిలక నిలిసిన కాయ

"మామ్మా, మొన్న నా పెళ్ళి నిశ్చయానికి నువ్వే కొబ్బరికాయ వొలిసినావు కదా. భయమెయ్యలేదా లా?"

భయమా? మాటకో మలాయి 'లా' తగిలిస్తావు నువ్వు. ఒలమ్మొలమ్మ, ఎయ్యకేటి! కుర్చీ ఇలగ లాక్కో, సెప్తాను. ఆ ఫోను అక్కడెట్టు, రికార్డు అవనీ, పర్లేదు.

స్ట్రోకు వచ్చి నా కుడిసెయ్యి పడిపోనాదా... పడిపోనాదంటే మొత్తంగా కాదులే. లేస్తాది, పట్టుకుంటాది, కానీ నెమ్మది. నేను రమ్మన్న కాసేపటికి వస్తాది. ఆసుపత్రిలో సెయ్యి ఆడించడం నేర్పీ పిల్ల ఉన్నాది సూడు, మలాయి పిల్ల, మంచిది, పిన్నీ అన్నట్టు "మక్చిక్, చేతినే సూడండి" అనీది. సూసి సూసి గ్లాసు ఎత్తడం వచ్చినాది, జాకెట్టు హుక్కు పెట్టుకోడం వచ్చినాది. నీ నిశ్చయం మాట వచ్చీసరికి మాత్రం గుండెలో రాయి పడ్డాది.

మనింటి ఆనవాయితీ తెలుసు కదా. కలశం మీద కాయ ఇంట్లో పెద్దసెయ్యే వొలవాల, పిలక నిలవాల. పిలక ఊడితే ఆ కాయ ఇంక పచ్చడికే. మీ అమ్మ నిశ్చయానికీ నేనే... మీ అమ్మ కాదులే, అది ఈ ఇంటికి కోడలు కదా, మీ మేనత్త నిశ్చయానికి. మా అత్త పోయినకాడినించి అన్నిటికీ నేనే వొలిసినాను.

పెరట్లో గునపం పాతించుకుని వొలవబోతే, కాయ మొన మీద పడదే! ఒకటి జారిపోనాది, ఒకటి పిలకతో సహా ఊడొచ్చినాది. పోనీ ఆ పిల్ల సెప్పినట్టు చేతినే సూద్దునా, మరీ అన్యాయం, సెయ్యి సిగ్గుపడి బిగుసుకుపోతాది. మీ అమ్మ పచ్చడి నూరీ నూరీ విసిగిపోయి, "అత్తా, మార్కెట్టులో వొలిసినవే అమ్ముతారు లా, మీకెందుకు కష్టం" అన్నాది. నా మంచికే అన్నాది. నాకు మాత్రం ఏడుపొచ్చినాది. మనవరాలి కలశం మీద కొట్టులో కొన్న కాయా?

సిన్నప్పుడు ఎలగ నేర్సుకున్నానో సెప్పినానా? బాగన్ దాతుక్ కొబ్బరితోటలో మా అయ్య నేర్పినాడు. అప్పట్లో గ్లాసు కోపీ పది సెన్నులే, అది తాగినా తిట్టీవోడు, పీనాసి మనిసి. సరే, అది కాదు నేను సెప్పీది. మొదట్లో చేతిలో కాయనే సూసీదాన్ని, ఏళ్ళు గీరుకుపోయీవి. "కాయని కాదే గుంటా, మొనని సూడు. కన్ను ముందెళ్తే సెయ్యి దానెనకే వస్తాది" అనీవోడు. నిజంగా అలగే వచ్చినాది. పోను పోను కన్నుకి అక్కడ పనే లేకపోనాది. సెయ్యి గుచ్చుతుండగానే అది పక్క కాయని ఏరుకునీది. డొక్క ఎటు చీలుతాదో గుచ్చకముందే ఒంటికి తెలిసిపోయీది. మీ తాతతో కబుర్లాడతా వొలిసీదాన్ని.

మరి ఇప్పుడేటొచ్చినాది? అది నీ వీడియోలోనే దొరికినాది. నీ స్నేయితులకి పంపుతానని తీసినావు, కాయ జారితే నవ్వినావు, నేను తిట్టినాను. సాయంత్రం సూపించమన్నాను కదా. సూద్దును కదా, కాయ ఇంకా గాల్లోనే ఉన్నాది, నా కన్ను అప్పుడే కాయల కుప్ప కాడికి ఎళ్ళిపోనాది! ఒలమ్మ, అదా సంగతి! సెయ్యి మెల్లగైపోనాదని కన్నుకి తెలీదు. ఎప్పట్లాగే వచ్చేసుంటాదిలే అనుకుని అది ముందుకెళ్ళిపోతంది. మీ తాతకి మోకాళ్ళ నొప్పులొచ్చినాక సంతలో నేను అలగే చేసీదాన్ని, ఆయన పక్కనే ఉన్నాడనుకుని మాటాడతా పోయీదాన్ని, తిరిగి సూస్తే ఉండీవోడు కాదు.

మర్నాడు కన్నుకి గట్టిగా సెప్పినాను. మొన కాడే ఉండవే, టప్పుమని సప్పుడయ్యీదాకా కదలకు అని. ఆగుతాదేటి? పారిపోతాది. మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టీదాన్ని. అలగలగ సెయ్యికీ ధైర్నం వచ్చినాది.

నిశ్చయం నాడు మీ అత్తోరంతా వచ్చి నిలబడ్డారు. మీ అమ్మ మొకం సూడాల! సంచీలో కొట్టు కాయ దాసినాది, నాకు తెలుసులే. నేను మొననే సూసినాను. సూస్తానే ఉన్నాను. టప్పు! డొక్క ఊడొచ్చినాది, పిలక నిలిసినాది. అమ్మయ్య! ఎంత బరువు దిగిపోనాదో సెప్పలేను. అక్కడే కూకుని ఏడ్సీసినాను. నొప్పి అనుకుని నువ్వు పరిగెత్తుకొచ్చినావు. నొప్పి కాదే పిచ్చిదానా, హాయి.

నీ పెళ్ళి కాయ కూడా నేనే వొలుస్తాను. కొట్టు కాయ తెచ్చినారంటే ఊరుకోను. నువ్వూ నాలాగే, అన్నిట్లో ముందు పరిగెడతావు. అబ్బాయి కాస్త నెమ్మది, సూసినాను, చెప్పులిప్పడానికే బోలెడు సేపు. మంచోడే. ఇద్దరూ సల్లగా ఉండండి.

ఆ టీ గ్లాసు ఇలగందియ్యి. అప్పుడే వొదిలీకు, కాస్త ఆగు... వస్తంది నా సెయ్యి, వస్తంది.