బ్యాటరీ దాచుకున్న ప్రాణం

కారు తాళం ఎన్నిసార్లు తిప్పినా ఇంజను ఉలకలేదు, పలకలేదు. ఆయన లోపలి సంతోషాన్ని అణుచుకుని, ముఖం దిగాలుగా పెట్టి, పక్కసీట్లోని భార్య వైపు తిరిగాడు.

"బ్యాటరీ పడుకుందోయ్. మీ తమ్ముడింటికి ఇవాళ వెళ్లలేం."

"అయ్యయ్యో! వారం కిందటే కదండీ, నిక్షేపంలాంటి పాతదాన్ని పీకించి ఈ లిథియం మహారాజుని కూర్చోబెట్టారు?"

"పాతది పదిహేను కిలోలు. ఇది మూడే."

"మంచిదేలెండి. రోజూ నెత్తిన పెట్టుకుని ఆఫీసుకెళ్లే మీకు మెడనొప్పి తప్పింది."

"వెటకారమా? నిన్న లైట్లు ఆర్పడం మర్చిపోయాను, చార్జి దిగిపోయింది."

"పడుకునే ముందు గ్యాసు మూడుసార్లు చూసుకునే మనిషి, సరిగ్గా నిన్ననే మర్చిపోయారు, పాపం! పాత బ్యాటరీకేం తక్కువ బావా అన్నందుకు, 'నట్లు బిగించుకునేవాడివి, నీకేం తెలుసు' అని మా తమ్ముణ్ణి నలుగురిలో కడిగేశారుగా, అదీ మర్చిపోయారా?"

"క్షమాపణ చెప్తానన్నానుగా! కారు కదిలితే కదా?"

ఆవిడ దిగి, బానెట్ ఎత్తి, బ్యాటరీ మీదున్న ఎర్ర బటన్ నొక్కి వచ్చి కూర్చుంది.

"ఇప్పుడు తిప్పండి."

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. ఆయన ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"ఇదెలా తెలిసింది నీకు?"

"నిన్న మీరు పిల్లిలా వెళ్లి లైట్లు వేసి రావడం కిటికీలోంచి చూసి ఫోన్ చేశాను. 'పూర్తిగా దిగేలోపే అదే ఆగిపోతుందక్కా, ఒక్కసారి స్టార్టయ్యేంత చార్జి దాచుకుంటుంది, ఆ బటన్ నొక్కితే చాలు' అన్నాడు."

"ఎవరు, షోరూం వాడా?"

"కాదు. ఆ నట్లు బిగించుకునేవాడే."