కొండ వెనక గుర్రాలు

ఫలితాల కాగితం గోడకు అంటించారు. హాల్లో కుర్చీలు మడిచేస్తున్నారు. బల్ల మీద బొమ్మ కొండలు, బొమ్మ సైన్యాలు పెట్టి ఆడే యుద్ధపు ఆటల రెండు రోజుల పోటీలో ఫైనల్ ఆడిన బావా బావమరుదులు బొమ్మ సైనికులను పెట్టెల్లో సర్దుకుంటున్నారు.

“కప్పు ఇక్కడే మర్చిపోయేలా ఉన్నావు. ముందు సంచిలో పెట్టుకో.”

“నీ మీద గెలిచిన కప్పు నాకెందుకు బావా?”

“ఎందుకేంట్రా? మీ అక్కకి ఫోన్ చేసి చెప్పాను కూడా.”

“ఏమంది?”

“ఎగిరి గంతేసింది. ఎలా గెలిచాడని అడిగితే, బాగా ఆడాడని చెప్పాను.”

“కొండ వెనక గుర్రాలను జరపడం నువ్వు మర్చిపోయావు. ‘జరుపుకోనా’ అని అడిగావు. నువ్వు పాచికలు చేతిలోకి తీసుకున్నాక ఇక జరపడం కుదరదన్నాను. అది చెప్పలేదా?”

“రూల్ అదేగా.”

“ఇంట్లో నేనెన్నిసార్లు మర్చిపోయినా, ‘జరుపుకోరా, ఏం పోయింది’ అనేవాడివి.”

“అది ఇల్లు. ఇది పోటీ.”

“ఆ గుర్రాలకి రంగులేసింది నేనే బావా. నువ్వు మర్చిపోతున్నావని చూస్తూనే ఉన్నాను. అడిగినప్పుడు నీ మొహం చూసుంటే ఒప్పుకునేవాణ్ణి. అందుకే రిఫరీ వైపు చూశాను.”

“పోనీలే. ఆ ఫిరంగి ఇటివ్వు, చక్రం విరిగేలా ఉంది.”

“మరి ఆదివారం ఎప్పట్లాగే ఆటకి రానా?”

“రాకేం? బల్ల వేసే ఉంచుతాను.”

బావ పెట్టెకు మూత వేసి, తాడు కట్టాడు.

“కాకపోతే, ఇకనుంచి ఇంట్లో కూడా రూల్ ప్రకారమే ఆడదాంరా.”