తాబేలుకు చలి

ధర్మవరంలో ఓబుళప్ప మగ్గం ఇల్లు. తొంభై ఏడు డిసెంబరు, పొద్దెక్కినా వదలని పాడు చలి. ఓబుళప్ప తాబేలు పెట్టె ముందర కూర్చున్నాడు. పెండ్లాం భాగ్యశ్రీ పక్కనుంది. పక్షవాతం వచ్చిన తల్లి శారదమ్మ లోగదిలో మంచం మీద ఉంది.

"పెట్టెలో ఇటుక తీసేసినావా లేదా?"

"ఎప్పుడో తీసి లోపల పెట్టొచ్చినాలేబ్బా. పొయ్యిలో కాల్చి, గుడ్డ చుట్టే కదా పెట్టినా. అంత కోపమెందుకు?"

"పోయిన చలికాలమూ గుడ్డ చుట్టే పెడితిమి. ఏమాయె? అప్పటి తాబేలు పొట్టంతా బొబ్బలెక్కి సచ్చిపాయె."

"కాల్తాంటే పక్కకు జరగొచ్చు కదా అది?"

"తెలిస్తే కదా జరిగేది! కింద కాలేది దానికి సరిగా తెలీదంట. హిందూపురంలో పశువుల డాక్టరు చెప్పినాడు. వెచ్చగుండాదని దానిమీదే పండుకుంటాదంట."

"కాలేది తెలీకుండా యాడన్నా ఉంటాదా?"

"ఉంటాదే. ఇది కూడా పోతే ఇంకోటి పెనుకొండ గుట్టల్లో యాడ ఎతికేది? అమ్మకు దీన్ని చూడంది ముద్ద దిగదు."

"ఆ మాట నిజమే. మొన్న అత్త కాలు మీదెక్కి గోళ్ళతో గీకుతాంటే, చూసి ఒకటే నవ్వు. ఎక్కింది తెలీనే లేదంట."

"ఈ ఏడాదిలో అమ్మ నవ్వింది అదొక్కసారే. ఇది పోతే అమ్మ దక్కదే భాగ్యా. నాకు భయంగా ఉండాది."

"మరి కుంపటి పెడదామా?"

"తలుపులేసుకుని బొగ్గుల పొగ పెడతావా? పట్టు కూడా ఈడే ఉండాది. వద్దు. మగ్గం మీద బల్బు ఇట్లియ్యి."

"నేసేదెట్ల మరి?"

"పగలు నేస్తాలే. మూరెడు ఎత్తున కట్టల్ల. దారంతో కాదు, తీగతో. ఈ మూలకు ఎండ మాదిరి, ఆ మూల చల్లగా. ఎక్కువైతే అదే అట్ల పోతాది."

"కరెంటు పోతే?"

"పోతే గోనెపట్ట కప్పుదాం. ఆ తీగ పట్టుకో."

"నాయనా ఓబుళా!"

"ఏం మా?"

"ఏందో కమురు వాసనొస్తాంది నాయనా."

"బల్బు ఇంగా ఎయ్యలేదు మా! భాగ్యా, పొయ్యి మీద ఏమన్నా పెట్టినావా?"

"పొయ్యి ఆర్పేసి ఎంతసేపాయె."

"మరి... ఆ ఇటుక యాడ పెట్టినావే?"

"లోపల."

"లోపలంటే యాడ?"

"అత్త పొద్దున్నుంచీ చలి చలి అంటాంటే... ఇంత వేడి ఊరికే పోతాదే అని..."

"యాడ పెట్టినావే!"

"కాళ్ళ కింద."

"మా! అమ్మా!"

"నా దగ్గరికెందుకు నాయనా, ముందు ఆ తాబేలును చూడుపో. పాపం, నోరులేని జీవం. నాకేం కాలే."