అత్తగారి టీవీలో ఎగిరిన విమానం

రెండు వేల పన్నెండో సంవత్సరం, నడి ఎండాకాలం. జనం లావు టీవీలు వదిలించుకుని గోడకి తగిలించే పలచటివి కొనుక్కుంటున్న రోజులు. దర్జీ అత్తగారు మాత్రం తన లావు టీవీని వదల్లేదు. దాని మీద గుడ్డ కప్పి, అల్లుడి ఇంట్లో తన గదిలో తన చేత్తోనే వేసుకుని, తన చేత్తోనే కట్టేసేది. ఆవిడ చిన్నకూతురి ఇంటికి వెళ్ళగానే, రెండు రోజుల్లో తెచ్చిచ్చేస్తానని చెప్పి దర్జీ బావ ఆ టీవీని పట్టుకుపోయాడు. అప్పటికి తొమ్మిది రోజులైంది. అత్తగారు ఆ సాయంత్రం నాలుగింటి బస్సుకి దిగుతోంది.

మూడింటికి దర్జీ మెడలో టేపు తియ్యకుండానే టీకొట్టుకి వచ్చాడు. బావ అక్కడే ఉన్నాడు. ఈ బావ దర్జీ అక్క మొగుడు, ఇళ్ళకి రంగులు వేసే మనిషి. వీధిలో అందరూ రాకెట్టు అంటారు, ఎందుకో ఆయన నోరు విప్పితే తెలుస్తుంది.

"బావా, టీవీ" అన్నాడు దర్జీ.

"అదే చెప్తున్నా, కూర్చో. పిన్నీ, వీడికో టీ ఇవ్వు."

టీకొట్టు పిన్ని టీ ఇచ్చింది. బల్ల చివర రేడియో మేస్త్రి తన గ్లాసుతో తను కూర్చుని ఉన్నాడు. దర్జీ కూర్చున్నాడు. అదే అతను చేసిన తప్పు.

బజారులో వీడియో ఆటల కొట్టు మూసేశారు కదా, అక్కడ మొదలుపెట్టాడు బావ. ఆ కొట్టాయన ఆటల పెట్టెలన్నీ వడ్రంగికి చెక్క కింద అమ్మేస్తుంటే, విమానం ఆట ఒక్కటి తను అడిగి పుచ్చుకున్నాడట. డబ్బిచ్చి కాదు, మిగిలిపోయిన అర డబ్బా నీలం రంగు ఇచ్చి.

"బీరువా అంత పెట్టె కదా, మీ గదిలో ఎలా పట్టింది?" అన్నాడు దర్జీ.

"పెట్టెలో ఏముందిరా, ఉత్త చెక్క. ఆటంతా లోపల పళ్ళెం అంత సర్క్యూట్ పలకలో ఉంటుంది. అసలు సిసలు పలక. దానికి కరెంటిచ్చి, ఏ టీవీకి తగిలిస్తే ఆ టీవీలో ఆడుకోవచ్చు."

దర్జీ అక్కడే ఆగిపోయాడు. చిన్నప్పుడు తను బిళ్ళలు వేసింది, ఓడిపోతే కాలితో తన్నింది ఉత్త చెక్కనా? అది తేల్చుకునేలోపు బావ చాలా దూరం వెళ్ళిపోయాడు. కంప్యూటర్ కొట్టు వాళ్ళ షట్టరుకి రంగు వేసినందుకు, వాళ్ళు చెత్తలో పారెయ్యబోయిన పాత కంప్యూటర్ కరెంటు డబ్బా ఇచ్చారట. బొత్తాలకి నాలుగు కాలింగ్ బెల్లు నొక్కులు. విమానాన్ని తిప్పే పుల్లకి పాత బ్రష్షు పిడి. పలకకీ డబ్బాకీ మధ్య తీగల జడ ఈ రేడియో మేస్త్రే అల్లిపెట్టాడట. మేస్త్రి అవునన్నట్టు తలూపాడు.

"మొత్తం ఖర్చు సున్నా. మొదటి ఆట భోజనాల వేళకి పూర్తయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తెలియదన్నాడు దర్జీ. టీవీ ఎక్కడుందని కూడా అడిగాడు.

టీవీ దగ్గరికే వస్తున్నాను, అన్నాడు బావ. ఆట పూర్తయితే మళ్ళీ మొదలైంది, మళ్ళీ పూర్తి చేశాడు, ఒక్క విమానం పోలేదు. రెండో రోజుకి పాయింట్లు చూపించే అంకెలు నిండిపోయాయి. ఆరు అంకెలే పడతాయి కదా తెర మీద, ఏడోది అంచు దాటి గోడ మీద పడింది. ఎనిమిదోది దాని పక్కన పడింది.

"గోడ మీద అంకె ఎలా పడుతుందయ్యా?" అంది పిన్ని.

"ఆ గోడకి వెల్ల వేసింది నేను, పిన్నీ. నా గోడ మీద ఏం పడిందో నాకు తెలీదా?"

మూడో రోజు ఇంకా వింత. ఆడీ ఆడీ వేడికి టీవీ ఉబ్బడం మొదలుపెట్టిందట. పొద్దున కిటికీ అంత ఉన్నది మధ్యాహ్నానికి తలుపంత అయింది, చీకటి పడేసరికి ఈ గోడ నుంచి ఆ గోడకి ఆనింది.

దర్జీ టీ తాగడం ఆపేశాడు. టీవీ బాగుందా పాడైందా అని అడుగుదామని వచ్చినవాడు, ఇప్పుడు అది ఎంతుందో తెలియక తికమక పడ్డాడు. నోట్లో ఉన్న మాట వేరు, బయటికొచ్చిన మాట వేరు.

"మరి తలుపులోంచి ఎలా వస్తుంది బావా?"

"రాదు. గోడ కొట్టాల్సిందే."

"గంటలో కొట్టగలమా?"

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావకి మాత్రం ఊపొచ్చింది. శత్రు విమానాలు ఇక కాల్చడం మానేసి వరసగా నిలబడ్డాయట. వాటిలోంచి ఒకాయన దిగి, తెర బయటికి వచ్చి, దాహమేస్తోందన్నాడట. మీ అక్క మంచినీళ్ళిచ్చింది, ఆయన తాగి గ్లాసుతో సహా వెళ్ళిపోయాడు, అన్నాడు.

అక్క గ్లాసు పోనిచ్చే మనిషి కాదని దర్జీకి తెలుసు. రోజూ రాత్రి గ్లాసులు లెక్కపెట్టుకుని పడుకునే మనిషి. అక్కడ కథ కాస్త వదులైనట్టు అనిపించింది. కానీ గోడ సంగతి ఇంకా తేలలేదు కాబట్టి గ్లాసు సంగతి పక్కన పెట్టాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన విమానం తలుపు వెయ్యడం మర్చిపోయాడు. నేనెక్కాను. ఇవాళ పొద్దున్న సంగతే ఇది. ఊరు దాటాను, వంతెన దాటాను. కింద చూస్తే బస్సు. బస్సులో మీ అత్తగారు, కిటికీ పక్కన. చెయ్యి ఊపాను."

"బస్సు ఎంతవరకు వచ్చింది?" అని దర్జీ లేచి నిలబడ్డాడు.

అప్పుడు రేడియో మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. ఆయన ఇరవై ఏళ్ళు ఆటల కొట్టులో ఆ పెట్టెలు బాగుచేసిన మనిషి, ఎక్కువ మాట్లాడడు.

"టీవీని పక్కకి పడుకోబెట్టావా?" అని అడిగాడు.

"ఎందుకు పడుకోబెడతాను? నిలబెట్టే ఆడాను."

ఆ విమానం ఆట పెట్టెలో తెరని పక్కకి తిప్పి బిగిస్తారని మేస్త్రి చెప్పాడు. మామూలుగా నిలబెట్టిన టీవీలో అయితే విమానం పైకి కాదు, అడ్డంగా పోతుంది.

బావ ఒక్క క్షణం ఆలోచించాడు. "నేనే పక్కకి తిరిగి పడుకుని ఆడాను" అన్నాడు. "మెడ ఇప్పటికీ నొప్పిగానే ఉంది."

సరే అన్నాడు మేస్త్రి. "జడలో పసుపు తీగ ఒకటుంది. దాన్ని దేనికి కలిపావు?"

"పసుపుకి పసుపు. నలుపుకి నలుపు. రంగుల విషయంలో నాకొకరు చెప్పాలా మేస్త్రీ? ముప్ఫై ఏళ్ళ నుంచి ఇదే పని."

"చీటీ కట్టానే."

"చీటీ ఎందుకు, రంగు కనపడుతుంటే?"

మేస్త్రి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జడ అల్లేటప్పుడు తన దగ్గర ఎర్ర తీగ అయిపోయిందనీ, పలకకి అయిదు వోల్టులు వెళ్ళే చోట పసుపు తీగ వేసి, దాన్ని డబ్బాలో ఎరుపుకి కలపమని చీటీ రాసి కట్టాననీ చెప్పాడు. కంప్యూటర్ డబ్బాలో పసుపు తీగలో వచ్చేది పన్నెండు వోల్టులు.

"మీట నొక్కగానే చచ్చిపోయి ఉంటుందయ్యా పలక. ఒక్క విమానం కూడా ఎగరలేదు. మూడు రోజులు నువ్వు దేంతో ఆడావు?"

బావ పిన్ని వంక చూశాడు. పిన్ని పొయ్యి వంక చూసింది. దర్జీకి వోల్టులు అర్థం కాలేదు, పలక చచ్చిందన్నది మాత్రం అర్థమైంది. అయితే టీవీ ఉబ్బలేదన్న మాట. గోడ కొట్టక్కర్లేదన్న మాట. అతని మొహం కొంచెం తేటపడింది.

"అయితే టీవీ బాగానే ఉందా బావా?"

ఆ మాటకి ఏ కథా దొరకలేదు బావకి. బొమ్మ రాకపోతే లోపం టీవీదే అనుకుని వెనక మూత తీశానని మెల్లిగా చెప్పాడు. బొమ్మ గొట్టానికి, అదే పిక్చర్ ట్యూబుకి, వెనకాల సన్నటి గాజు మెడ ఉంటుంది, స్క్రూడ్రైవరు జారి దానికి తగిలింది. ఉస్సుమని ఒక్క చప్పుడు, అంతే. ఇది జరిగి ఎనిమిది రోజులైంది. దాని మీద దుప్పటి కప్పి, రోజూ పొద్దున్నే ఇంట్లోంచి బయటపడి ఈ కొట్టులో కూర్చుంటున్నాడు.

మెడ విరిగితే గాలి దూరుతుంది, ఇక బాగుపడదు అన్నాడు మేస్త్రి, ఎవరూ అడక్కుండానే. చీటీ కాదు, ఎర్ర తీగే తెచ్చి వెయ్యాల్సింది తను, అని కూడా అన్నాడు.

దర్జీ మళ్ళీ కూర్చుని మెడలో టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. ఇంతసేపూ తను ఏం విన్నాడో, ఎందుకు విన్నాడో అతనికి అంతుపట్టలేదు. గోడలు కొట్టడానికి కూడా ఒప్పుకున్నాడు కదా.

"ఆవిడకి నేను చెప్పను బావా. నువ్వే చెప్పాలి. విమానం లేకుండా చెప్పాలి."

"కొంచెం కూడా లేకుండానా?"

"అసలు లేకుండా."

ఇద్దరూ నడిచి బస్సుల దగ్గరికి వెళ్ళారు. దారిలో బావ రెండు మూడుసార్లు ఏదో మొదలుపెట్టాడు. దర్జీ తల తిప్పలేదు. నాలుగూ పదికి అత్తగారు సంచీ పట్టుకుని దిగింది. ఎదురుగా ఇద్దరు మగాళ్ళు నిలబడి ఉండటం చూసి, ఎవరికేమైందని అడిగింది.

"టీవీ నేను పగలగొట్టానండీ" అన్నాడు బావ. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. ఆయన ఒక సంగతి అంత క్లుప్తంగా చెప్పడం దర్జీ వినడం అదే మొదటిసారి.

ఆ వారంలో బావ తన పొడుగు నిచ్చెన అమ్మి ఆవిడకి టీవీ కొనిపెట్టాడు. ఆ ఏడాదంతా చేతికందే గోడలకే రంగులు వేశాడు.