సముద్రం అడుగున భూగోళం పాఠం

ఎవరూ, ఆ కళ్లజోడాయనా? స్టాఫ్ రూములో ఆ ఫోటో ఇంకా ఉంచారా! ఎప్పుడో తీసి పారేసుంటారనుకున్నానే. ఆయన లోబాస్ మాస్టారు. రేపట్నుంచి నువ్వు వెలగబెట్టబోయే ఉద్యోగమే ఆయనదీనూ, చరిత్రా భూగోళమూ. కింద ఏమని రాశారూ? ‘విధి నిర్వహణలో మరణించారు’ అనా? వాళ్ల మొహం! ఏం విధో, ఏం నిర్వహణో. కూర్చోవే జ్లాతా, అలా గుమ్మంలో నిలబడి అడిగితే చెప్పే మాట కాదది. ఆ కోటు విప్పు.

మాస్టారు ఈ ఊరివాడే. ఊరంటే పిచ్చి. మామూలు పిచ్చి కాదు, ఉప్పు కోసం ఎద్దుబళ్లు ఏ దారిన వచ్చేవో, ఇంగ్లీషువాళ్ల ఓడలు మన ఊరు, ఈ హెనిచెస్క్ మీద గుండ్లు ఏ మూల నుంచి కురిపించాయో, నిన్న తను చూసొచ్చినట్టు చెప్పేవాడు. మ్యాపు విప్పి, ‘ఇది అబద్ధం పిల్లలూ’ అనేవాడు. ‘మన ఊరికి అంచు లేదు. మట్టిగుట్టేమో ఏడాదికింత విరిగి సముద్రంలో పడుతుంది, సముద్రమేమో బుద్ధి పుట్టినప్పుడు లేచి వెళ్లిపోతుంది, ఇంక గీత ఎక్కడ గియ్యనురా?’ అని. నిజమే కదా! మా అమ్మమ్మ పెరడు అలాగే పోయింది, చెర్రీ చెట్లతో సహా. పొద్దున్నే లేచి చూస్తే దొడ్డివాకిలి ఉంది, దొడ్డి లేదు. ఆవిడ ఆ వాకిలికి గడియ మాత్రం రోజూ పెట్టేది, చచ్చేదాకా. ఏం చెప్తున్నానూ... ఆఁ, మాస్టారు.

యుద్ధం అయ్యాక వచ్చింది చూడు, ఆకలి ఏడు. ముందు వానల్లేవు, పండిన ఆ కాస్తా సర్కారువాళ్లు ఊడ్చుకుపోయారు. నువ్వు ఆకలంటే పదకొండింటికి ఫ్రిజ్ తెరవడం అనుకుంటావు. మేము గోడ సున్నం గీరుకు తిన్నామే. నా తమ్ముడు యూస్త్యాకి కాళ్లు ఉబ్బిపోయాయి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది. అమ్మ రాత్రీ పగలూ వాడి కాళ్లే చూస్తూ కూర్చునేది. ఎదురుగా ఇంత సముద్రం, దాన్నిండా బిచ్కీలు, అవే, తలకాయే సగం ఉంటుందే, ఆ చేపలు. పట్టావో జైలు. చేప కూడా సర్కారుదే! ఒడ్డున ఒక కాపలా. తీహోన్ అని మా వీధివాడే, భుజాన తుపాకీ. పాపం వాడి ఇద్దరు పిల్లలూ మా క్లాసే.

మార్చి నెల. పడమటి గాలి పట్టుకుంది, నిన్నామొన్నా వీచిందే అట్లాంటిది కాదు, మనిషిని నిలబడనివ్వదు. మర్నాటికి సముద్రం లేదు! ఎక్కడో దూరంగా తెల్లగా అంచు. పడవలన్నీ బురదలో పక్కకి పడి ఉన్నాయి. అడుగంతా బయటపడింది, మడుగులు మడుగులుగా నీళ్లు, వాటిలో బిచ్కీలు తపతపా కొట్టుకుంటున్నాయి. ఊళ్లో ఆడవాళ్లందరూ గుట్ట కిందకి దిగొచ్చి అలా చూస్తూ నిలబడ్డారు. ఒక్కరు అడుగు వేస్తే ఒట్టు. అప్పుడొచ్చాడు మా మాస్టారు, మమ్మల్నందర్నీ వరసలో నడిపించుకుంటూ. మా చేతుల్లో బకెట్లు! ‘ఏమిటి మాస్టారూ ఇది?’ అన్నాడు తీహోన్. ‘పాఠం. హెనిచెస్క్ చరిత్రా, భూగోళమూ. సముద్రం అడుగు చూపిస్తాను.’ ‘మరి బకెట్లో?’ ‘గవ్వలు ఏరడానికి.’ తీహోన్ ఆయన మొహం చూశాడు, వాడి పిల్లల చేతుల్లో బకెట్లు చూశాడు. ‘గవ్వలైతే సరే’ అని అటు తిరిగి బీడీ చుట్టుకోవడం మొదలెట్టాడు.

ఇప్పుడు ఇది విను, నీకు పనికొస్తుంది. సముద్రం పోయినప్పుడు లోపలికి వెళ్తే ఒకళ్లు కర్రకి గుడ్డ కట్టి ఎత్తి పట్టుకోవాలి. ఇది మనూళ్లో పుట్టినవాడికి ఎవడూ చెప్పక్కర్లేదు. గాలి మళ్లక్కర్లేదే, ఆగితే చాలు, నీళ్లు వచ్చేస్తాయి. అది కూడా ఎదురుగా రావు ముండ నీళ్లు! ముందు ఒడ్డు దగ్గర పల్లం నిండుతుంది, నీ వెనకాల. నువ్వు పొడి ఇసకతిన్నె మీద నిలబడి నాకేం అనుకుంటావు. అందుకని గుడ్డ వాలిందా, పరుగు. మాస్టారు తన మఫ్లర్ కట్టి తనే పట్టుకున్నాడు.

తిన్నె మీద పాత ఉప్పు పడవ ఒకటి కూరుకుపోయి ఉండేది. దాని చాటున గాలి తగలదు. అందరం అక్కడి మడుగుల మీద పడ్డాం. ఆయన పాఠం ఆపలేదు, ఒడ్డు నుంచి చూసేవాళ్లకి పాఠంలా కనపడాలి కదా! ‘టర్కీవాళ్లు ఇటు నుంచి వచ్చారు! ఒరేయ్ ఆ రాయి కింద చూడు, పెద్దది ఉంది! ఇక్కడి నుంచే ఉప్పు ఉత్తరానికి వెళ్లేది!’ నవ్వలేక చచ్చాం. అంతలో యూహిమ్ అని ఒక పిల్లాడు ఏడుపు మొదలెట్టాడు, వాడి బకెట్‌కి అడుగు ఊడిపోయింది, చేపలన్నీ జారిపోతున్నాయి. మాస్టారు కర్రకున్న మఫ్లర్ విప్పి వాడికి మూట కట్టి ఇచ్చాడు. అంతే. ఆ కాసేపట్లోనే గాలి ఆగిపోయింది. పడవ చాటున ఉన్నాం, ఎవడికి తెలుస్తుంది?

ఒడ్డు నుంచి కేకలు వినపడ్డాయి. అంతకుముందు వినపడ్డాయా? గాలి ఉంటే వినపడవు కదే! ఆయన ఒక్క ఉదుటున పడవ చాటు నుంచి బయటికొచ్చాడు. చూస్తే పల్లం నిండి నీళ్లు మెరుస్తున్నాయి. ‘బకెట్లు పడెయ్యండి! చేతులు పట్టుకోండి!’ అని అరిచాడు. ఒక్కళ్లు పడేస్తేనా! నేను రెండు చేతులతో వాటేసుకున్నాను. తిట్టాడు, లాక్కున్నాడు, ఒకణ్ణి కొట్టాడు కూడా. ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి. నీళ్లు చీలమండల దాకా వచ్చేశాయి, మేం కదలం. అప్పుడు గొంతు మార్చాడు. ‘సరే, పడవ మీద పెట్టండి. నేను తెచ్చిస్తాను. నా మాట.’ ఆయన మాట తప్పి ఎరగడే. అందరం పెట్టేశాం. చేతులు పట్టుకుని గొలుసులా దిగాం. చలికి ఊపిరి ఆడలేదు, నాకు గడ్డం దాకా వచ్చాయి. చిన్నవాళ్లని భుజాన వేసుకుని మళ్లీ మళ్లీ దాటించాడు. ఒక్క పిల్ల పోలేదు.

ఒడ్డున అమ్మలు ఏడుపులు, ముద్దులు, దెబ్బలు, అన్నీ ఒకేసారి. ఆ గోలలో యూహిమ్‌గాడు, ‘మాస్టారూ, మరి మా చేపలూ?’ అన్నాడు.

అందరూ పడవకేసి చూశారు. తీహోన్ కూడా. పొద్దు వాలుతోంది, ఇంకాసేపట్లో పడవ మునుగుతుంది, బకెట్లు కొట్టుకుపోతాయి. వెళ్లమని ఎవరూ అనలేదు, దేవుడి సాక్షి. మా అమ్మ ఒక్కతే, ‘వద్దులెండి మాస్టారూ’ అంది. చుట్టం లేచి వెళ్తానంటే ‘అప్పుడేనా’ అంటాం చూడు, ఆ గొంతుతో. చేత్తో మాత్రం యూస్త్యా కాలు నిమురుతోంది. ఆయన ఆ కాలు చూశాడు. కళ్లజోడు తీసి అమ్మకిచ్చి, నీళ్లలోకి దిగాడు. పల్లం దాటడం చూశాం. పడవ ఎక్కడం చూశాం. తర్వాత చీకటి పడిపోయింది. తాళ్లు విసురుదామన్నా అంత దూరం, పడవలన్నీ బురదలో దిగబడి ఉన్నాయి. అమ్మ రాత్రంతా ఒడ్డునే ఉండి పిలుస్తూ ఉంది, మాస్టారూ, మాస్టారూ అని.

తెల్లారాక పడవలు తేలాయి. తీహోన్ వెళ్లాడు. బకెట్లన్నీ పడవ విరిగిన తెరచాప స్తంభానికి తాడేసి, నీళ్లకి పైన, ఒకదాని మీద ఒకటి కట్టి ఉన్నాయట. ఒక్క చేప పోలేదు. ఆయన లేడు.

తీహోన్ బకెట్లు తెచ్చి ఒడ్డున పెట్టాడు. ఎవరూ ముందుకు రాలేదు చాలాసేపు. ఆ తర్వాత అమ్మ వెళ్లి మాది తీసుకుంది. వెనకాలే అందరూ.

ఏం చేస్తాం మరి? వండింది. తిన్నాం. అలా చూడకు. యూస్త్యాకి ముందు పులుసు తాగించింది, తర్వాత నాకు. ఎంత బావుందో తెలుసా? తలకాయలు కూడా వదల్లేదు, ఎముకలు పీల్చేశాను. గిన్నె నాకి, ఇంకా కావాలని ఏడ్చాను. అమ్మ పెట్టింది. అమ్మ కూడా తింది, ఆ కళ్లజోడు ఒళ్లో పెట్టుకుని...

రేపు ఎన్నింటికన్నావు స్కూలు? ఆ బూట్లు తడిసున్నాయి, పొయ్యి దగ్గర పెట్టు.