పడవలపేట గట్టు వదిలిన రోజు

పేరంటాలని ఒకావిడ ఉండేదండి, పడవలపేట గట్టు మీద. గట్టుకి పెద్ద ఆవిడ. పెద్దంటే డబ్బున్న పెద్ద అనుకునేరు, అదేం లేదు. ఒక గది, తాటాకు పంచ, పంచలో పొయ్యి, అంతే. ఆవిడ అత్తగారి అత్తగారి కాలంలో వాళ్ళ పడవే ఆ గట్టుకి మొదట వచ్చి కట్టిందంట, అందుకని ఆ ఇంటి కోడలి మాటకి విలువ. పట్నానికి నడిమధ్య నుంచి పోతది చూడండి, ఇప్పుడు రంగుదీపాలు పెట్టారే, ఆ కాలవే. ఒకప్పుడు దాంట్లో ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు, పొగాకు పడవలు, ఒకదాని ఎనకాల ఒకటి లాకుల దగ్గర వరస కట్టేవంట. రోడ్లొచ్చాయి, లారీలొచ్చాయి, పడవలు పోయాయి. పడవలు పోతే పడవోళ్ళెక్కడికి పోతారు? గట్టు మీదే ఉండిపోయారు. మగోళ్ళు ఆటోలు తోలుకునేవోళ్ళు, మార్కెట్టులో బస్తాలు మోసేవోళ్ళు. ఆడోళ్ళు గంపలతో చేపలమ్మేవోళ్ళు. కాలవేమో గుర్రపుడెక్క పట్టిపోయి, ఊరి మురుగంతా దాంట్లోకే చేరి, వంతెన దాటే పట్నం జనం ముక్కు మూసుకుని దాటేవోళ్ళు. కాలవకి మూసుకున్న ముక్కు గట్టోళ్ళు ఎదురైనా వదిలేవోళ్ళు కాదనుకోండి.

ఇక వీళ్ళకో ఆచారం ఉంది, అది చెప్పకపోతే ఈ కథ తెలవదు. ఎండాకాలం కాలవలు కట్టేస్తారు గదా, తొలకరికి లాకులెత్తి మళ్ళీ వదుల్తారు గదా. ఆ కొత్తనీరు ఎట్లా వస్తదో చూశారా ఎవరన్నా? ఉరుక్కుంటా రాదు. నురగ పట్టి, ఎండాకులు తోసుకుంటా, నిండు చూలాలు నడిచినట్టు వస్తది. ఆ నీరొచ్చే రోజు వీళ్ళు గట్టు వదిలేస్తారు. వదిలేయడమంటే ఏంటంటే, ప్రతి ఇంట్లో పొయ్యి చల్లార్చేయాలి. పిల్లాజెల్లా, మంచం పట్టిన ముసలోళ్ళు, గంప కింద కోడితో సహా అందరూ అవతలి గట్టుకి పోవాలి. తలుపులు బార్లా తీసి పెట్టాలి, తాళమెయ్యకూడదు. తాళమేసిన ఇంటి ముందు గంగమ్మ ఆగదంట. ఆ రోజంతా అమ్మ ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తా ఇంటింట్లోకి తొంగి చూసుకుంటదంట. ఎందుకూ అంటే, నేల ఆవిడది. వీళ్ళు పడవలోంచి దిగినోళ్ళు, వీళ్ళకి నేలెక్కడిది? ఏడాదికోసారి ఖాళీ చేసి ఆవిడకి అప్పజెప్పాలి, పొద్దుగూకేలోపు కొత్తనీళ్ళ కుండతో వచ్చి, అమ్మా, ఇంకో ఏడు ఉంటాం అని అడిగి తీసుకోవాలి. ఆ కుండ మోసేది పేరంటాలు. కుండ కాలవలోంచి లేచింది మొదలు ఆవిడ పొయ్యి మళ్ళీ వెలిగేదాకా నేలకి తగలకూడదు. ఆవిడ పొయ్యి వెలిగితే ఆ నిప్పు అందరూ పట్టుకెళ్ళి వెలిగించుకుంటారు. ఇదీ ఆచారం. పిచ్చి ఆచారం అంటారా, అనుకోండి. కానీ ఊఁ కొట్టడం మానకండి.

ఇట్లా ఉండగా ఏమైందంటే, పట్నంలో పెద్దమనుషులందరికీ ఉన్నట్టుండి కాలవ మీద ప్రేమ పుట్టింది. ఉత్సవ కమిటీ అని ఒకటి కట్టారు. మన పట్నం పుట్టిందే కాలవ మీద, ఆ కాలవని మళ్ళీ బతికించాలి, చలికాలం సెలవుల్లో పెద్ద పండగ చెయ్యాలి అన్నారంట. దానికి పెద్ద సత్యప్రసాద్ గారని, రైస్ మిల్లాయన. చెడ్డోడని నేను చెప్పను. నెమ్మదస్తుడు, గొంతెత్తి మాట్టాడేవోడు కాదు. గుర్రపుడెక్క తీయించాడు, మురుగు తూములకి అడ్డం కట్టించాడు. గట్టోళ్ళు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కాలవలో తమ మొహం చూసుకున్నారంట. ఆయనోరోజు చెప్పులు బయట విడిచి మరీ పేరంటాలు పంచలో కూచుని, అమ్మా, మీ గట్టు వదిలే ఆచారం ఉందంట గదా, అదే మా ఉత్సవానికి ప్రాణం, ఆ రోజున మీరు చేసి చూపించాలి అన్నాడంట. ఆవిడ, అదెట్లాగండీ, అది కొత్తనీరొచ్చే రోజున గదా చేసేది, చలికాలంలో ఉండేది పాతనీరు అంది. నీరు నీరే గదమ్మా అన్నాడాయన. కాదండి, ఆ రోజు అమ్మొస్తది, అందుకని ఆవిడకి అప్పజెప్తాం. అమ్మ రాని రోజున గట్టు ఖాళీ చేస్తే ఎవరికి అప్పజెప్పినట్టు? అని అడిగిందంట. దానికాయన నవ్వి, అమ్మ ఎప్పుడూ ఉంటుంది కదమ్మా అన్నాడు. ఎంత మంచి మాటో చూడండి. ఆ మాటకి అడ్డం చెప్తే అమ్మ లేదన్నట్టే అవుద్ది. 

అయినా సరే ఆవిడ ఒప్పుకోలేదు ముందు. మరిది ఉన్నాడు, నూకరాజని. వాడు రెండు పూటలా వచ్చి కూచునేవాడు. వదినా, ఇన్నాళ్ళకి మనల్ని మనుషులని పిలిచారు, నువ్వు కాదంటే రేపీ పిల్లలు నిన్నే తిడతారు అనేవాడు. పక్కింటి కాసులమ్మేమో, దాన్నెందుకురా బతిమాలతావు, మైకిస్తారంట, ఫొటోలు తీస్తారంట, రేపట్నుంచి పేరంటాలు మన నీళ్ళబిందెలు ముట్టుకుంటదా అని దెప్పేది. ముట్టుకోనులేవే, నీ బిందెకి చిల్లు అని ఈవిడనేది. నవ్వుకునేవోళ్ళు. ఆ రోజుల్లో గట్టు మీద నవ్వుండేదండి, అది కూడా చెప్పాలి గదా. ఆఖరికి ఆవిడ సత్యప్రసాద్ గారిని ఒకటే అడిగింది. అయ్యా, మేం ఆడుతాం, పాడతాం, మీరు చెప్పినట్టల్లా చేస్తాం, మా ఇళ్ళకి పట్టాలు ఇప్పిస్తారా, ఎవడో ఒకడొచ్చి లెగండి అంటాడనే దిగులుతోనే మా మామ పోయాడు, మా ఆయన పోయాడు అంది. ఆయన ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, ఉత్సవం బాగా జరగనివ్వమ్మా, పైవాళ్ళ కళ్ళు గట్టు మీద పడితే అన్నీ అవుతాయి అన్నాడు. అబద్ధం ఆడలేదాయన. కళ్ళు పడ్డాయి.

పండగ రోజొచ్చింది. వంతెన మీద జనం, మేడల మీద జనం, పడవలకి పూలదండలు. రంగులేసిన పడవలు ఎక్కడ్నుంచో లారీల మీద తెచ్చారంట, అదొక విడ్డూరం. గట్టోళ్ళు తెల్లారకుండానే పొయ్యిలు చల్లార్చారు. తలుపులు తీసి పెట్టారు. ముసలోళ్ళని మంచాలతో మోశారు, కోళ్ళని గంపలతో మోశారు. మంచాలెందుకు, ఊరికే నడిచెళ్తే సరిపోద్దిగా, ఆటే గదా అన్నారంట కమిటీ కుర్రోళ్ళు. ఆచారం ఆటేంటయ్యా, చేస్తే చేసినట్టు చెయ్యాలి అంది పేరంటాలు. పండగకి ముందే ఇంకోటి కూడా జరిగింది. ఇంత జనం వస్తున్నారు, తలుపులు తీసున్న ఇళ్ళల్లోకి దొంగలు జొరబడతారు, గట్టు చుట్టూ రేకులు కట్టిస్తాం అన్నాడు సత్యప్రసాద్ గారు. నిజమే గదా అనుకున్నారు. నూకరాజు దగ్గరుండి మరీ గుంజలు పాతించాడు.

మధ్యాన్నం అవతలి గట్టు మీద పెద్ద పందిట్లో మైకిచ్చి, ఈ ఆచారానికి అర్థం చెప్పమ్మా అన్నారు. జీవితంలో మైకు పట్టని మనిషి. అయినా కట్ట తెగిన వాగులా చెప్పింది. బాబూ, మేం పడవోళ్ళం, ఈ నేల మాది కాదు, ఏనాడూ మాది అనుకోలేదు, అమ్మది. ఏడాదికోసారి ఖాళీ చేసి ఇచ్చేస్తాం, ఉండమంటే ఉంటాం, పొమ్మంటే పోతాం, మా అత్తగారు నాకు చెప్పిందిదే, నేను నా కోడలికి చెప్పేదీ ఇదే అంది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూచున్న పెద్ద ఆఫీసరొకాయన ఫోన్లో పట్టుకున్నాడు ఆ మాటలన్నీ. కళ్ళు తుడుచుకున్నాడని కూడా అంటారు. తుడుచుకునే ఉంటాడు, మంచి మాటలే గదా.

పొద్దు వాలింది. ఆవిడ కాలవలోకి దిగి కుండ ముంచి నెత్తినెట్టుకుంది. ఎనకాల గట్టోళ్ళందరూ వరసగా, డప్పులతో, వంతెన మీదుగా నడిచొచ్చారు. వచ్చి చూస్తే రేకులకి ఒకటే గేటు, గేటుకి తాళం, ముందు ఒక పోలీసాయన. ఇవాళ ఇటు దారి లేదమ్మా, జనం తొక్కిడిగా ఉంది, రేపు పొద్దున రండి అన్నాడు. మా ఇంటికే బాబూ అంది ఆవిడ. ఎవరింటికైనా అంతే, పైనుంచి చెప్పారు. పొయ్యి వెలిగించి పోతాను, కుండ దించకూడదు నాయనా. ఆయన కుర్రోడు, ఆయనకేం తెలుసు, కాసేపు పక్కనెట్టు, నీళ్ళెక్కడికి పోతాయి అన్నాడంట. ఈ లోపల మేడల మీద జనం ఏం చేశారనుకున్నారు? ఇది కూడా ఆచారంలో ముక్కే అనుకున్నారు. తలుపు దగ్గర అమ్మ అడ్డుకుంటది కాబోలు, వీళ్ళు బతిమాలతారు కాబోలు అని, మళ్ళీ చప్పట్లు. వందమంది ఫొటోలు తీశారు. ఇప్పుడక్కడ పెద్ద బోర్డుంది చూడండి, నెత్తిన కుండతో గేటు ముందు ఒకావిడ. అప్పుడు తీసిందే. మొహంలో ఎంత భక్తో అంటారు చూసినోళ్ళు.

ఆ రాత్రి బడి వరండాలో పడుకున్నారు. కుండ మాత్రం దించలేదండి. పేరంటాలు మెడ పట్టేస్తే కోడలు, కోడలు తూలితే కాసులమ్మ, ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి, అట్లా తెల్లార్చారు. తెల్లారి గేటు దగ్గరికెళ్ళేసరికి లోపల ఇళ్ళు కూల్చే మిషను గురగురలాడుతోంది. ఏంటయ్యా ఇది అంటే, ఖాళీగా ఉన్నవే తీస్తున్నాం, మనుషులున్న ఇల్లు ఒక్కటి కూడా ముట్టుకోలేదు అన్నాడంట మిషను తోలేవాడు. నిజమే. మనుషులున్న ఇల్లు ఒక్కటీ లేదు గదా. పొయ్యిలో వెచ్చన లేదు, తలుపుకి తాళం లేదు, గూట్లో కోడి లేదు. కాసులమ్మ రేకు మీద బాది బాది చేతులు కోసుకుంది. పేరంటాలు కుండ తీసుకుని నెత్తినెట్టుకుని, పదండి అంది.

ఆ ఆఫీసరుగారి ఆఫీసుకెళ్ళారు. ఆయన లోపలికి రమ్మని, ఆ కుండ అక్కడ పెట్టి కూచోండమ్మా అన్నాడు మర్యాదగా. పెట్టకూడదు బాబూ, మా ఇల్లు మాకు చూపించండి, పొయ్యి వెలిగిస్తే దించుతాను అంది. మీకు ఊరి బయట, బైపాస్ దాటాక చోటిస్తున్నాం, అక్కడ వెలిగించుకోండి అన్నాడాయన. అక్కడ కాలవ లేదు గదండీ అంది. పిల్లలకి బడి ఉంది అన్నాడు. కాలవ లేదు గదండీ అని మళ్ళీ అంది. ఆయన కోప్పడలేదు. ఫోన్ తీసి, ఇది మీ మాటే గదమ్మా, చూడండి, అని పెట్టాడు. ఈ నేల మాది కాదు, ఏనాడూ మాది అనుకోలేదు. ఖాళీ చేసి ఇచ్చేస్తాం. పొమ్మంటే పోతాం. ఆవిడ గొంతే. ఎనకాల చప్పట్లు.  ఎవరో కుర్రాడు, అది అమ్మతో అన్న మాట సార్, మీతో కాదు అనబోతే ఆవిడే వద్దని చెయ్యూపింది. అన్నాను బాబూ, నేనే అన్నాను అంది. అని, వంగి, కుండ తీసి ఆ ఆఫీసు గచ్చు మీద పెట్టేసింది. పెట్టి, అమ్మకి ఇవ్వాల్సింది మీకిచ్చాను, తప్పు నాది అంది.  ఎనక్కి తిరిగి వచ్చేసింది. ఆ కుండని సాయంత్రం ఆఫీసు ఊడ్చేటావిడ తీసి మొక్కలకి పోసిందంట.

అదీ సంగతి. ఏటా పండగవుతోంది, బాగా అవుతోంది. గట్టు మీద పలకరాళ్ళేశారు, కాఫీ హోటళ్ళు పెట్టారు, నూకరాజుకి గేటు కాపలా ఉద్యోగం ఇచ్చారు. గట్టు వదిలే ఆచారం కూడా మానలేదు, నాటకం కంపెనీ ఆడపిల్లలొచ్చి చేస్తారు. పేరంటాల్ని మరుసటేడు సత్యప్రసాద్ గారే బైపాస్ అవతల వాళ్ళకిచ్చిన చోటికి కారేసుకెళ్ళి పిలిచాడంట, మీరు లేకపోతే దానికి నిండు రాదమ్మా అని. ఆవిడ లోపలికెళ్ళి తలుపేసుకుందంట. తాళం కూడా వేసిందంటారు. కొందరు ఈ కథకి ఇంకో ముక్క కలిపి చెప్తారు, గంగమ్మకి కోపమొచ్చి ఆ ఏడే వరదై లేచిందని, ఆ హోటళ్ళన్నీ కొట్టుకుపోయాయని. వినడానికి బాగుంటది, పిల్లలు పడుకుంటారు. నేను మాత్రం అట్లా చెప్పను. వరదా రాలేదు, ఏమీ రాలేదు. లాకులు వాళ్ళ చేతిలో ఉన్నాయి గదా నాయనా, వాళ్ళు వదిల్తేనే నీళ్ళొస్తాయి.